ముత్తక్క గుర్తు కట్టిన బొరియ

ఊరి పేరు రాయడం లేదు. దుమ్ముగూడెం నుంచి అడవిలోకి పన్నెండు కిలోమీటర్లు పోతే వచ్చే ఒక కోయగూడెం అనుకోండి, చాలు. నలభై ఇళ్ళు, రెండు చేతిపంపులు, ఒకే గది ఉన్న బడి. 2007 వేసవిలో నేను అక్కడికి పాముల కోసం వెళ్ళాను. ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు రాయాలి. మా క్లాసులో అందరూ చేపలో దోమలో తీసుకున్నారు. నేను విషం లేని పాములు తీసుకుంటానంటే ఖమ్మం కాలేజీలో మా సార్ నవ్వారు. "మీ ఖానాపురం హవేలిలో డ్రైనేజీ పక్కన నీరుకట్టెలు తప్ప ఏముంటాయమ్మా, ఎక్కడికైనా అడవికి పో" అన్నారు. దుమ్ముగూడెంలో మా పిన్ని టీచర్. ఆమె ఇంట్లో ఉండి, బాబాయి టీవీఎస్ బండి మీద రోజూ పొద్దున్నే గూడేలకు పోయేదాన్ని.

మొదటి పదిరోజులు ఎక్కడికి పోయినా జెర్రిపోతులే చూపించారు. అవి కూడా చచ్చినవి. అప్పుడు బీడీలకు తునికాకు కొనే కల్లంలో ఒకాయన అన్నాడు, "పాముల సంగతి ముత్తక్కనడుగు, ఆమెకు ఎరుక" అని.

ముత్తక్క అప్పుడు ఎండలో తునికాకు కట్టలు వరసగా ఆరబెడుతోంది. వంగి పెట్టడం లేదు, మోకాళ్ళు వంగవు. కూర్చుని, కూర్చున్నచోటి నుంచే జరుగుతూ పెడుతోంది. పొడుగు మనిషి. నలభై ఐదు దాటి ఉంటాయి. వయసు అడిగితే "గోదారి పెద్దగొచ్చిన ఏడు పూలి కడుపుల ఉన్నది, నువ్వే లెక్కగట్టుకో" అంది. ఆ వరద ఎనభై ఆరులో వచ్చింది. పూలి ఆమె ఒక్కగానొక్క కూతురు.

"పాములు పట్టుకపోయే పిల్లవు నువ్వేనా?" అని అడిగింది.

"పట్టను ముత్తక్కా. చూసి రాసుకుంటాను."

"చూసి రాసుకునుడేంది. పామేమన్న నీకు పాఠం జెప్తదా?"

పక్కనున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వారం రోజులు ఆమె వెంటే తిరిగాను. ఆకు కోయడం రాదు, కట్ట కట్టడం రాదు. నేను కట్టిన కట్ట ఆకు లెక్కచూసే కల్లేదారు చేతిలో పెట్టగానే విడిపోతే ముత్తక్క "సదువుకున్న కట్ట" అని పేరు పెట్టింది. ఆ మాట గూడెమంతా పాకింది.

ఆమె మొగుడు దూలయ్య 2001లో వెదురు లారీ మీంచి పడి చనిపోయాడు. అప్పటికి పూలికి పద్నాలుగేళ్ళు. మూడెకరాల చేను, రెండు ఇప్పచెట్లు, గుట్ట మీద తేనెపట్లు పట్టే ఒక బండ, ఇదీ ఆ ఇంటి ఆస్తి. ముత్తక్క ఒక్కతే దున్నించింది, ఒక్కతే ఇప్పపువ్వు ఏరింది. తేనె బండకు మాత్రం మగమనిషి కావాలి, ఆ నాలుగేళ్ళు తేనె వదిలేసింది. 2005 చలికాలంలో ఎగువ గూడెం నుంచి దస్రును ఇల్లరికం తెచ్చుకుంది. ఇల్లరికం వచ్చేముందు రెండేళ్ళు అత్తగారి చేనులో పనిచేసి చూపించాలి. దస్రు చూపించాడు. అతని గురించి చెప్పేటప్పుడు ముత్తక్క గొంతు మారేది. "కొడుకుంటే గిట్ల చేస్తడో లేదో" అనేది. మొన్న ఫాల్గుణంలో కాళ్ళు వాచి చేను నుంచి నడవలేకపోతే దస్రు ఆమెను వీపున ఎక్కించుకుని తెచ్చాడట. "ఊరందరు చూస్తుండంగ, సంచిని మోసుకొచ్చినట్టు" అని సిగ్గుపడుతూ చెప్పింది.

ఇక్కడ గుర్తు గురించి చెప్పాలి. ఇది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అడవిలో ఎవరైనా తేనెపట్టు చూశారనుకోండి, అది ఇంకా పండలేదు, నెల ఆగాలి. అప్పుడు ఆ చెట్టుకు అడ్డతీగ నారతో ఒక ముడి వేసి, ముడిలో ఒక ఆకు దోపి పోతారు. అది గుర్తు. ఒక్కో ఇంటికి ఒక్కో ముడి ఉంటుంది. ముడి చూస్తే ఎవరి ఇంటిదో ఊరందరికీ తెలుస్తుంది. ఇంకెవ్వరూ దాన్ని ముట్టరు. గడ్డల పొదకైనా, ఎండిన కట్టెల మోపుకైనా అంతే. తాళం లేదు, కావలి లేదు, ముడి చాలు. ఆ ఇంటివాళ్ళు వచ్చి కొంత తీసుకుని కొంత మిగిలిస్తే, పాత ముడి పక్కనే కొత్త ముడి వేసి పోవాలి. అంటే మిగిలింది కూడా మాదే, మళ్ళీ వస్తాం అని అర్థం. ఇల్లరికం అల్లుడికి పెళ్ళైన వారంలో ఆ ఇంటి ముడి నేర్పుతారు. ముడి వచ్చిందంటే ఇంటిమనిషి అయినట్టు. దస్రుకు ముత్తక్కే వేళ్ళు పట్టుకుని నేర్పింది. దస్రుది ఎడమచెయ్యి వాటం. మూడురోజులు పట్టిందట.

మే మూడో తేదీన ముత్తక్క నన్నొక ప్రశ్న అడిగింది. ఆకు కోస్తూ, నావైపు చూడకుండా అడిగింది.

"కొండసిల్వ ఒకేడు గుడ్లు పెడితే రెండో ఏడు పెట్టదు. ఎందుకు?"

నేను ఎగిరి గంతేసినంత పనైంది. ఎందుకంటే ఆ మాట మా లైబ్రరీలో ఒకే ఒక్క పుస్తకంలో ఉంది, దాన్ని నేను నెలరోజులు వెతికి పట్టుకున్నాను. గడగడా చెప్పేశాను. ఆడ కొండచిలువ గుడ్లు పెట్టాక వదిలిపోదు. మన దగ్గరుండే పాముల్లో చాలావరకు పెట్టి పోతాయి, ఇది పోదు. గుడ్ల చుట్టూ చుట్టలు చుట్టుకుని, పైన తల పెట్టుకుని రెండు నెలలు కూర్చుంటుంది. ఆ రెండు నెలలు తిండి తినదు. ముందు ఏడాది తిని ఒంట్లో దాచుకున్న కొవ్వే కరిగించుకుంటుంది. పిల్లలు బయటికొచ్చేసరికి తోలు వేలాడుతుంది. మళ్ళీ ఒళ్ళు రావాలంటే ఏడాది పడుతుంది, అందుకే మధ్యలో ఒక ఏడు ఖాళీ.

ముత్తక్క ఆకు కోయడం ఆపేసి నన్ను చూసింది. "గంతేనా. నేను మొగడు దొరకక అనుకున్న."

మరునాడు తెల్లవారుజామున తీసుకెళ్ళింది. రాత్రి గాలివాన కొట్టి పొద్దున చల్లగా ఉంది. వాగు దాటాక గుట్ట వాలులో ఒక పుట్ట, పుట్ట కింద ముళ్ళపంది తవ్విన బొరియ. బొరియ ముందున్న పాలకొడిసె పొదకు ఎండిన అడ్డనార ముడి, అందులో ఎండిన ఆకు. ముత్తక్క ఇంటి గుర్తు. దగ్గరికి పోనివ్వలేదు. పదడుగుల దూరంలో బోర్లా పడుకోమంది. నా దగ్గరున్న చేతి అద్దంతో తొలి ఎండ లోపలికి వేశాను.

మొదట ఎండుటాకులే అనుకున్నాను. తర్వాత ఆకుల మీద గళ్ళు కనిపించాయి. గోధుమరంగు మీద ముదురు మచ్చలు, ఒక్కో చుట్ట నా తొడంత లావు. అన్ని చుట్టల పైన తల, పెదవుల అంచున చిన్న గుంటలు. ఆ గుంటలతోనే అది చీకట్లో ఎలుక ఒంటి వెచ్చదనం పసిగడుతుంది. విషం లేదు, కోరలు లేవు. లోపలికి వంగిన పళ్ళతో పట్టుకుని, చుట్టి, ఊపిరి ఆపుతుంది. చుట్టల సందులో తెల్లగా ఒక గుడ్డు, బాతుగుడ్డు కన్నా పెద్దది.

చూస్తుండగా ఒళ్ళంతా ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలింది. కాసేపాగి మళ్ళీ. వెక్కిళ్ళలాగ.

"మొదటిసారి చూసినప్పుడు జొరమొచ్చిందనుకున్న" అంది ముత్తక్క చెవిలో. "ఇంటికి పోయి పసుపు తెద్దామనుకున్న."

జ్వరం కాదు, చలిగా ఉన్నప్పుడు కండరాలు వణికించి ఒంట్లో వేడి పుట్టించుకుని గుడ్లకిస్తుంది అని చెప్పాను.

తర్వాత తనే చెప్పింది. 2003లో మొదటిసారి చూసిందట. అప్పటికి దూలయ్య పోయి రెండేళ్ళు. తునికాకు కోస్తూ ఎండకు తట్టుకోలేక పుట్ట నీడన కూలబడితే, బొరియ నోట్లో అది ఎండ కాగుతోంది. పొద్దున కాసేపు బయటికొచ్చి ఒళ్ళు వేడిచేసుకుని మళ్ళీ గుడ్ల మీదికి పోతుంది. ముత్తక్క లేవలేదు, అదీ కదలలేదు. "నీకు మొగడు లేడు, నాకు లేడు, ఎవల పని వాల్లు చేసుకుందాం అన్న" అని నవ్వింది. ఆ వేసవంతా రోజుకోసారి పోయి చూసేది. ఒకసారి ఉడుము గుడ్ల కోసం వస్తే కట్టెతో తరిమింది. గూడెంలో కొండచిలువ కనిపిస్తే వదలరు. మాంసం తింటారు, కొవ్వు కరిగించి కీళ్ళనొప్పులకు రాస్తారు. అందుకని ఇంటి గుర్తు కట్టింది. చూసినవాళ్ళు గడ్డలో తేనో అనుకుని పక్కనుంచి పోయారు. 2005లో మళ్ళీ వచ్చింది, మళ్ళీ కట్టింది. ఈ ఏడు ఏప్రిల్ పదో తేదీ ప్రాంతంలో గుడ్లు పెట్టింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"పూలికి ఎరుక. ఉడుమును తరుముతుంటే చూసింది. దానికి చెప్పిన, ఇవి ఇంట్ల చెప్పేటివి కావని."

రెండు నెలలంటే జూన్ పది. తొలకరికి పిల్లలు. నేను డైరీలో రోజులు గీసుకున్నాను. అవి గుడ్డు పెంకును ముక్కు మీది చిన్న పంటితో చీల్చి, తల బయటపెట్టి, రోజున్నర అలాగే చూస్తూ కూర్చుని అప్పుడు వస్తాయి. ముత్తక్క రెండు వేసవుల్లోనూ ఖాళీ పెంకులే చూసింది, పిల్లల్ని చూడలేదు. "ఈ తాప చూడాలె" అంది. "పిల్లలు తల్లి లెక్కనే ఉంటయా? గీ గళ్ళు పుట్టంగనే ఉంటయా?" ఉంటాయన్నాను. ఆమెకు కావలసింది అదొక్కటే, పిల్లలు బయటికి రావడం చూడాలి.

ఆ సాయంత్రం వాళ్ళింటి అరుగు మీద కూర్చుని జావ తాగుతున్నాం. పూలి తల్లి మోకాళ్ళకు ఆముదం వేడిచేసి రాస్తోంది. దస్రు గొడ్డలికి కొత్త కామ వేస్తున్నాడు. నాకంటే ఒకటిరెండేళ్ళు పెద్ద, నెమ్మదస్తుడు. నన్నడిగాడు, ఏమేం పాములు చూశావని. బొరియ సంగతి చెప్పలేదు. ఆ మాత్రం తెలివి నాకుంది. కానీ కొండచిలువల గురించి అడిగితే చెప్పాను. నాకు చెప్పడం ఆపడం రాదు.

"రెండు నెల్లు తినకుండ ఎట్లుంటది?" అన్నాడు.

"ఒంటినిండా కొవ్వుంటుంది అన్నా. పొట్ట పొడవునా పట్టీల్లాగ ఉంటుంది."

"గంత ఉంటదా?"

"చాలా ఉంటుంది."

"అయితే గుడ్లు పెట్టేదానికే ఎక్కువుంటదన్నట్టు" అని మళ్ళీ కామ చెక్కుకున్నాడు. ముత్తక్క నావైపు చూసింది. నాకప్పుడు అర్థం కాలేదు.

మే పన్నెండున ఇంటర్నల్ పరీక్షలకని ఖమ్మం పోయాను. తిరిగొచ్చింది ఇరవై నాలుగున. వచ్చేసరికి ముత్తక్క చేతిపంపు దగ్గర నిలబడి నీళ్ళు కొడుతోంది. నిలబడి.

"ఏంది ముత్తక్కా, కాళ్ళు?"

"నువ్ పోంగనే వాచినయ్. వారం మంచంలనే. గిప్పుడు చూడు" అని ఒక కాలు వంచి చూపించింది. "దస్రు యాడికెల్లో నెయ్యి తెచ్చిండు. భద్రాచలం సంతల దొరికిందంట. పూలి నాలుగు రోజుల సంది రాస్తున్నది. దవాఖాన గోలీలు ఏండ్ల సంది మింగిన, ఏం చెయ్యకపాయె."

"బొరియకు పోయావా?"

"పది రోజులాయె. నువ్ వస్తవని ఆగిన. పోదాం పా."

దారంతా ఆమే ముందు నడిచింది. వాగులో రాళ్ళ మీద నాకంటే చకచకా దాటింది. గుడ్లు పెట్టి నలభై నాలుగు రోజులు, ఇంకో పదిహేను రోజులే అని నేను వెనక లెక్కలు చెబుతూనే ఉన్నాను.

పుట్ట సగం లేదు. గడ్డపారతో కొట్టి బొరియను పైనుంచి తెరిచారు. ఎర్రమట్టి కుప్పలు, మీద చెప్పుల్లేని అడుగులు. మట్టి మీద ఏదో లాగిన వెడల్పాటి జాడ. లోపల, వెనక మూలన, ఒకదానికొకటి అంటుకున్న గుడ్లముద్ద చిరిగి, తొమ్మిది గుడ్లు మిగిలున్నాయి. మిగతావి లేవు. తల్లి లేదు.

నేను గుడ్లు మళ్ళీ లెక్కపెట్టాను. ముత్తక్క బొరియను చూడలేదు. పొదను చూస్తోంది. తను ఏప్రిల్‌లో కట్టిన ఎండు ముడి అలాగే ఉంది. దాని పక్కన ఇంకో ముడి. ఇంకా పచ్చి ఆరని నార, వాడిన ఆకు. అదే ముడి. ఆకు మాత్రం అవతలి వైపు నుంచి దోపి ఉంది, ఎడమచేత్తో వేసినట్టు.

ఆ ముడి మీద వేళ్ళు పెట్టి అలాగే నిలబడింది. తర్వాత వంగి తన మోకాలు తడుముకుని, ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తొమ్మిది ఇడిసిపెట్టిండు" అంది. "మంచిగ నేర్పిన."

గుడ్లను ఏం చెయ్యాలో నాకు తెలిసింది చెప్పాను. తిప్పకూడదు. కోడిగుడ్డులా కాదు, పాము గుడ్డు లోపల పిల్ల పెంకుకు పైవైపున అతుక్కుని ఉంటుంది. తలకిందులైతే చచ్చిపోతుంది. ఎండిపోకూడదు, తడిసి ముద్దవకూడదు. ముత్తక్క కాలిన కట్టె బొగ్గు ఎక్కడినుంచో ఏరి తెచ్చి, ఒక్కో గుడ్డు పైన నల్లచుక్క పెట్టింది, ఏది పైవైపో తెలిసేట్టు. వాగు నుంచి కొంగు తడిపి తెచ్చింది. తడి ఆకులు పరిచి, మట్టి కప్పి, రాళ్ళు పేర్చాం. ఒక గుడ్డు సొట్టపడి ఉంది. దాన్ని కూడా పెట్టింది.

కాలేజీలో ఇంక్యుబేటర్ ఉంది, జాగ్రత్తగా పట్టుకుపోతాను అన్నాను. "సూద్దాం" అంది.

ఇంటికి వచ్చేసరికి దస్రు చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుగుతున్నాడు. పూలి పొయ్యి దగ్గరుంది. ముత్తక్క గుంజకు ఆనుకుని నిలబడింది.

"పూలీ, ఆ నెయ్యి సీసా తే."

పూలి తెచ్చింది. హార్లిక్స్ సీసాలో అడుగున బెత్తెడు. పచ్చగా పేరుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. నా అంచనాలో పదకొండడుగుల పాము. కానీ నలభై రోజుల ఉపవాసం తర్వాత దాని ఒంట్లో మిగిలింది అంతే మరి. కొవ్వంతా గుడ్లకే పోయింది. చాలా ఉంటుందని ఆ అరుగు మీద దస్రుకు చెప్పింది నేనే.

"సంతల కొన్నవా అల్లుడా?"

దస్రు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "లే అత్తా. గుట్టకాడి మన బొక్కలదే. నువ్ గుర్తు కట్టినవు గదా, దాంట్ల."

"సంతల కొన్ననన్నవు."

"నువ్ రాయనియ్యవని పూలి చెప్పింది."

ముత్తక్క తల తిప్పింది. "రాయనియ్యనని ఎరుకనే బిడ్డా నీకు?"

పూలి పొయ్యిలో కట్టెలు సర్దుతోంది. "వారం రోజులు మంచంల ఏడిస్తివి. నొప్పి చూడలేకపోయిన."

"ఆదివారం కూర?"

పూలి వంగి పొయ్యి ఊదింది.

"ఉడుమంటివి. నాకు పెద్ద ముక్కలేస్తివి."

"మంచిగైతవనే గదమ్మా" అంది పూలి. "నొప్పి తగ్గలేదా మరి? తగ్గలేదని చెప్పు."

దస్రు ముందుకొచ్చాడు. అతని మొహంలో భయం లేదు, కోపం కూడా లేదు. నిజంగానే బాధపడుతున్నాడు. "అత్తా, వేరేటోల్ల గుర్తయితే నేను ముట్టేటోన్నా? మన గుర్తే గదా. సగం తీసి సగం ఉంచిన, మళ్ళ ముడి గూడ ఏసిన. అమ్ముకోలే, ఎవలకు బెత్తెడు ఇయ్యలే. నీ కాళ్ళకే తెచ్చిన. ముడి నేర్పినప్పుడు, గిది తేనెకు, గిది పాముకు అని నాకు చెప్పినవా?"

"చెప్పలే."

"రెండేండ్లాయె నీ ఇంటికొచ్చి. గుట్టకాడ ఒక గుర్తు కట్టి పూలికి చెప్తివి, నాకు దాస్తివి. నేనేమనుకోవాలె? అల్లుడు ఇంటోడు కాడనుకుంటివి."

ముత్తక్క సీసా మూత బిగించి పూలి చేతికే ఇచ్చింది.

ఆ రాత్రి నుంచి ఆమె కాళ్ళకు ఏదీ రాయించుకోలేదు. మూడోరోజుకు కాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. ఆ నెయ్యిలో మందేమీ లేదు, ఎవరైనా కూర్చుని వేడిగా అరగంట రుద్దితే ఏ నూనెతోనైనా కొంత తగ్గుతుంది అని నేను చెప్పాను. ఆమె వింది. "అయితే అది ఉత్తగనే సచ్చిందన్నమాట" అంది. చెప్పకుండా ఉండాల్సింది.

నాకు మాత్రం కోపం చల్లారలేదు. ఫారెస్టోళ్ళకు చెబుదాం, కొండచిలువను చంపితే పెద్ద కేసవుతుంది అన్నాను.

"ఎవల మీద పెడతవ్? ముడి నేర్పింది నేను. తిన్నది నేను, రాసుకున్నది నేను."

కేసు వద్దంది కానీ ఊరి పెద్ద దగ్గరికి పోయింది. పటేల్ భద్రయ్య ఇంటి ముందు పందిట్లో పదిమంది కూర్చున్నారు. కాళ్ళు ఈడ్చుకుంటూ పోయి నిలబడింది. చెప్పేదంతా చెప్పింది, ఎక్కడా గొంతు పెంచలేదు. భద్రయ్య చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"ముత్తక్కా, గుర్తెవలది?"

"నాదే."

"నీదంటే నీ ఇంటిది. తీసిందెవలు?"

"నా అల్లుడు."

"ఇంటి గుర్తు ఇంటోడు తీసిండు. తప్పేడుంది? పక్కింటోడు తీస్తే నేను దండుగ ఏస్తుంటి. నీ అల్లుడు నీ కాళ్ళకు రాసిండని నీకు దండుగ కట్టమంటనా?"

ఒకరిద్దరు నవ్వారు. చెడ్డగా కాదు. వెనకనుంచి ఎవరో అన్నారు, "గసొంటి అల్లుని నాకియ్యి ముత్తక్కా, నా నడుం గూడ పట్టేసింది." ఇంకొంచెం నవ్వులు.

"పాముకు గుర్తు కట్టుడు ఎప్పుడన్న విన్నమా?" అన్నాడు భద్రయ్య నెమ్మదిగా. "తినేదానికి కడతరు. నువ్ కడితివి, వాడు తినేదనుకున్నడు. నీది గూడ తప్పున్నది."

"సరే పటేలా. గుర్తు ఇంటిదంటివి. ఇల్లు వాల్లదే ఉండనియ్యి, గుర్తు వాల్లదే ఉండనియ్యి. ఇయ్యాల్టి సంది నాకు గుర్తు లేదు."

అప్పుడు నవ్వులు ఆగాయి. గుర్తు వద్దనుకుంటే ఇప్పచెట్లు రెండూ పోతాయి, తేనె బండ పోతుంది, అడవిలో ముందుగా ఏది కంటబడినా నాది అనే హక్కు పోతుంది. భద్రయ్య లేచి నిలబడ్డాడు. "కోపంల మాట్లాడకు చెల్లే. ఏం తింటవ్?"

"ఆకు కోస్త. కూలికి పోత."

పూలి పందిరి గుంజ దగ్గర నిలబడి ఏడుస్తోంది. దస్రు అత్తవైపు చూడలేకపోతున్నాడు. ముత్తక్క ఇద్దర్నీ దాటి వచ్చేసింది. ఆ సాయంత్రమే ఒక చాప, ఒక కుండ, కొడవలి తీసుకుని చేనులో మంచె కింద పాకలోకి మారింది. పూలి అన్నం తెస్తే తింటుంది, మాట్లాడదు. దస్రు వచ్చి పాక కప్పు సరిచేసి పోతే చేయనిచ్చింది. వద్దనలేదు. అతని పేరు మాత్రం మళ్ళీ పిలవలేదు.

గుడ్ల సంగతి. పందిరి కింద మాటలైన మరునాడు నేను థర్మాకోల్ డబ్బా, దూది, థర్మామీటర్ అన్నీ పట్టుకుని బొరియకు పోయాను. రాళ్ళు పక్కకు తీసి ఉన్నాయి. గుడ్లు లేవు. నక్కో ఉడుమో అనుకున్నాను. కానీ పెంకు ముక్కలు లేవు. ఒక ఆకు మీద బొగ్గు నలిగి ఉంది. పొదకున్న రెండు ముడులూ కోసేసి ఉన్నాయి.

ముత్తక్కను అడిగాను.

"తీసిన" అంది.

"ఎక్కడ పెట్టావు?"

జొన్న విత్తనాలు చెరుగుతోంది. చెరుగుతూనే ఉంది.

"చుక్క పైకే ఉంచావా?"

"ఉంచిన."

"తడి?"

"నువ్ చెప్పినట్టే చేసిన పిల్లా."

ఎక్కడో మాత్రం చెప్పలేదు. రెండురోజులాగి మళ్ళీ అడిగాను. మాట మార్చింది. పొద్దున చీకటితోనే నీళ్ళసీసా పట్టుకుని పోయేది. ఎండెక్కాక, కుంటుకుంటూ, మోచేతుల దాకా మట్టితో వచ్చేది. వెంట పోవడం పెద్ద పని కాదు, ఆ కాళ్ళతో ఆమె ఎంత దూరం పోగలదు. ఒకరోజు చేను గట్టుదాకా పోయి ఆగిపోయాను.

జూన్ పదకొండున తొలకరి పడింది. పద్నాలుగున నేను ఖమ్మం వెళ్ళిపోవాలి. ప్రాజెక్టు రాసివ్వడానికి గడువు దగ్గరపడింది. డైరీలో కొండచిలువ పేజీలో తారీకులన్నీ వరసగా ఉన్నాయి. గుడ్లు పెట్టిన రోజు, తల్లి వణికిన రోజు, చనిపోయిన రోజు. చివరి గడి ఒక్కటే ఖాళీ. బస్సు టైముకు ముందు పాకకు పోయాను. ముత్తక్క గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుకుని ఈతాకు ఈనెలు తీస్తోంది.

"పోతున్నా ముత్తక్కా. మళ్ళీ దసరాకు వస్తా."

"రా."

"ఒక్కటి చెప్పు. ఎక్కడో చెప్పొద్దు. పిల్లలయ్యాయా లేదా, అంతే."

ఆమె ఈనెలు పక్కన పెట్టి నన్ను చూసింది. కోపంగా కాదు. వారం రోజులు నాకు కట్ట కట్టడం నేర్పినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

"నువ్ మంచిదానివే పిల్లా" అంది. "దస్రు గూడ మంచోడే."